ఒకటిన్నర అంగుళం

మాసన్ లేక్స్, అడిలైడ్
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నీ తమ్ముడు సూరిబాబు దణ్ణం పెట్టి రాస్తున్నాడు. నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. వదినకి మోకాలి నొప్పి తగ్గిందా? కంటి ఆపరేషన్ అయ్యాక పెద్దమ్మ టీవీ చూడొద్దన్నా వినడం లేదట. ఆవిడ ఎప్పుడు ఎవరి మాట విన్నది గనక. ఇక్కడ నేనూ సుజాతా పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అని ఎందుకు రాశానో కింద చదివితే తెలుస్తుంది. కంగారు పడకు. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

మూడు వారాలుగా నువ్వు ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేస్తున్నాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. వీడియోలో నీ మొహం చూస్తూ ఈ సంగతి చెప్పడం నావల్ల కాదు. సగం వినగానే నువ్వు 'పోన్లేరా' అంటావు. ఆ మాట నీ నోట వింటే మిగతా సగం నేనింక చెప్పను. అందుకే కాగితం తీసుకున్నాను. ఇది నీకు చేరేసరికి ఇక్కడ జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడిక్కడ చలికాలం. పొద్దున్నే దక్షిణపు గాలి కొడితే వేళ్ళు మొద్దుబారి చేతిలో సుత్తి ఉందో లేదో తెలియదు. గోంగూర పచ్చడి జాడీ అడుక్కి వచ్చింది. సుజాత ఆఫీసు ఇంటికి నడిచే దూరంలోనే. పాపకి తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఇవన్నీ మామూలే. వచ్చిన మొదటి ఏడాది నేను గోడౌన్‌లో పెట్టెలు మోశానని నీకు తెలుసు. సుజాత వీసా మీద వచ్చినవాణ్ణి, ఏ పని దొరికితే అది చేశాను. తర్వాత మార్గరెట్ గారి దగ్గర రాతిపని దొరికిందని చెబితే నువ్వు ఎంత మురిసిపోయావో. అక్కడ కూడా మేస్త్రీ కొడుకు మేస్త్రీయే అయ్యాడని వీధంతా చెప్పావట.

మార్గరెట్ గారు డెబ్బై దాటిన మనిషి. ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పి రిటైరయింది. ఊరి చివర ఆవిడకి ఒక పెద్ద షెడ్డు, ముందు ఖాళీ జాగా ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ కిందట రోమ్ వాళ్ళు కట్టుబడికి ముందు ఎలా గీసేవాళ్ళో ఎలా కొలిచేవాళ్ళో అచ్చం అలాగే గీసి, కొలిచి, తన గేటు దగ్గర ఒక రాతి కమాను నిలబెట్టాలని ఆవిడ కోరిక. నలభై ఏళ్ళు పిల్లలకి బోర్డు మీద చెప్పిందట, చేత్తో ఒక్కసారైనా చేసి చూసుకోవాలంది. రాతికి నన్ను పెట్టుకుంది, చెక్కకి నాయుడు అంకుల్‌ని.

అంకుల్‌ది ఫిజీ. వాళ్ళ తాత మన వైపు నించే చెరుకు తోటల పనికి ఓడెక్కి పోయాడు. అక్కడ గొడవలయ్యాక వీళ్ళు ఈ దేశం వచ్చేశారు. అరవై ఎనిమిదేళ్ళు. ఆయన తెలుగు మన నాయనమ్మ మాటలా ఉండేది, మధ్యలో హిందీ, ఇంగ్లీషు ముక్కలు పడేవి. నన్ను సూరిబాబు అని పూర్తి పేరు పెట్టి పిలిచే మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే.

మొదటివారం నువ్వు ఇక్కడ ఉండాల్సింది. మార్గరెట్ గారు రోమ్ వాళ్ళ పనిముట్లు ఒక్కొక్కటే చెప్పి చేయించింది. నిలువు కర్ర మీద అడ్డంగా రెండు చెక్కలు, నాలుగు కొసలకీ నాలుగు దారాలు, దారాలకి గుండ్లు. ఎదురెదురు దారాలు ఒకదాని వెనక ఒకటి దాక్కునేలా కన్ను పెట్టి చూస్తే తిన్నటి గీత వస్తుంది, మిగతా రెంటితో చూస్తే దానికి సరిగ్గా మూలమట్టం. వాళ్ళ ఊళ్ళూ రోడ్లూ దీంతోనే పెట్టారట. కాస్త గాలి వేసిందో లేదో నాలుగు గుండ్లూ ఊగాయి. 'గాలి లేనిరోజు చూసి కట్టేవాళ్ళా మీ రోమ్ వాళ్ళు?' అన్నాను. లెవెల్‌కి ఇరవై అడుగుల బల్ల, దాని మీద గాడి, గాడిలో నీళ్ళు. నేను లోపలి నీళ్ళు కనబడే ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి, మనం చేసినట్టే, ఐదు నిమిషాల్లో రెండు వైపులా లెవెల్ గుర్తు పెట్టి చూపించాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. అంకుల్ నా వీపు తట్టాడు. ఆరోజు నించే నాకు కళ్ళు నెత్తికెక్కాయన్నయ్యా. పుస్తకాలు చదివిన మనిషికి నేనే నేర్పుతున్నాననుకున్నాను.

అసలు సంగతి నేల మీది గీత. కాగితం మీద చిన్న బొమ్మ, చెక్కతో ఒక నమూనా అయ్యాక, షెడ్డు నేల మీద కమాను మొత్తం అసలు సైజులో గీశాం. సుద్దతో కాదు, ఇనుప మొనతో చెక్కి గీశాం. పెద్ద గుళ్ళ పక్కన బండల మీద రోమ్ వాళ్ళు అలా గీసుకున్న గీతలు ఇప్పటికీ కనబడతాయట. ప్రతి రాయీ నేల మీద ముందే ఉంటుంది. దాని మీద రేకు పరిచి, అచ్చు కత్తిరించి, ఆ అచ్చుకి రాయి కొడతాం. రాళ్ళు బిగుసుకునేదాకా కింద మోసే చెక్క చట్రం, సెంట్రింగ్, అది కూడా ఆ గీత మీదే పడుకోబెట్టి కొడతారు. సిమెంటు లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి, అంతే.

కొలవడానికి ఒకే ఒక కర్ర. వాళ్ళ అడుగు మన అడుగు కన్నా అర వేలు తక్కువ, పైగా ఊరికో రకంగా ఉండేదట. అందుకని ఒక కట్టడానికి ఒక కర్ర పెట్టుకుంటే, చివరి రాయి దాకా అదే. అంకుల్ పదడుగుల కర్ర చేశాడు, రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు వేశాడు. మార్గరెట్ గారు దాన్ని గోడకి తగిలించి, ఈ జాగాలో టేపు బయటికి తీయకూడదని చెప్పింది. కమాను వెడల్పు సరిగ్గా ఒక కర్ర.

నేను టేపు తీశాను.

ఒకరోజు స్మోకోకి, ఇక్కడ టీ టైమ్‌ని అలా అంటారు, వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. నేను బయట కమానుకి రెండు పక్కలా లేచే దిమ్మలకి ముగ్గు పోస్తున్నాను. గేటు దగ్గర కమాను అంటే మనకి గుమ్మమే గదా. ఊరికే మన అంగుళాల్లోకి మార్చి, మన వాస్తు ప్రకారం ఆయం లెక్క కట్టాను. కాకాయం వచ్చింది. మళ్ళీ కట్టాను. మళ్ళీ కాకాయమే. కాకాయం గుమ్మం పెడితే ఆ ఇంట మనిషి దక్కడని నాన్న ఎన్నిసార్లు అన్నాడో నీకు గుర్తుంది. ఆయన పోయాక ఆ లెక్క నాకు నేర్పింది నువ్వే. ఒంటరిగా ఉండే ముసలావిడ, కాకాయం గేటు. నా మనసు ఒప్పుకోలేదు. ఒకటిన్నర అంగుళం పెంచితే మంచిదైన ధ్వజాయం అవుతుంది. పెంచాను. ఒక దిమ్మని అంతమేర పక్కకి జరిపి ముగ్గు పోసి, పునాది తవ్వించాను.

మన దగ్గర ఎన్నిసార్లు చేశాం ఇలా. ఇంజినీరు ప్లాన్ ఒకటి ఉంటుంది, మనం ఆయం చూసి అంగుళమో రెండంగుళాలో అటూ ఇటూ జరుపుతాం, ఎవరికీ చెప్పం. ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు దరజుల్లో ఆ తేడా కలిసిపోతుంది. కొట్టి తెచ్చిన రాళ్ళ మధ్య దరజు ఉండదని నాకు తెలియక కాదు. తెలుసు. ఒకటిన్నర అంగుళం ఏం చేస్తుందిలే అనుకున్నాను.

దిమ్మలు లేచాక అంకుల్ సెంట్రింగ్ తెచ్చి మధ్యలో నిలబెట్టాడు. ఒక పక్క సందు మిగిలింది. ఆయన చాలాసేపు ఆ సందు వైపే చూశాడు.

"ఇదెట్లా తక్కువయింది సూరిబాబూ? మూడుసార్లు కొలిచినాను గదా. కర్ర పెట్టే కొలిచినాను."

ఆయన నన్ను అడిగాడన్నయ్యా. నీ దిమ్మ తప్పేమో అనలేదు, అడిగాడంతే. అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. దిమ్మ విప్పి మళ్ళీ కడితే నాలుగు రోజుల పని. కాని పక్కన మార్గరెట్ గారు ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడ ముందు మేస్త్రీనని విర్రవీగిన మొహం నాది. "చెక్క ఎండి దగ్గర పడి ఉంటుంది అంకుల్" అన్నాను.

ఆయన వంగి తన చేతులు చూసుకున్నాడు. "వయసయిపోయింది. కన్ను తప్పింది నాదే" అన్నాడు. ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో సారీ కూడా చెప్పాడు. ఆవిడ ఫరవాలేదంది. పక్కన చెక్కముక్కలు పెట్టి సందు బిగించాం. రాళ్ళు ఎక్కించాం. నడిమి రాయి దించితే బిగువు రాలేదు. పలకరాయి ముక్కలు సన్నగా కొట్టి రాళ్ళ మధ్య నేనే దూర్చాను. బయటికి చూస్తే చక్కగానే ఉంది. మార్గరెట్ గారు కళ్ళు తుడుచుకుంది.

సెంట్రింగ్ దించే రోజు మమ్మల్నందర్నీ కమాను కింద నిలబడొద్దని ఆవిడ గట్టిగా చెప్పింది. అంకుల్ కింద లేడు, పక్కన ఉన్నాడు. సెంట్రింగ్‌ని కింది నించి ఎత్తిపట్టిన వాలు చెక్కల్ని పక్క నించే సుత్తితో ఒక్కొక్కటి కొట్టి వదులు చేస్తున్నాడు. నాలుగోది కొట్టాడు. పలకముక్క ఒకటి చిట్లిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఏమిటో అక్కడున్న ముగ్గురిలో నాకొక్కడికే తెలుసు. 'అంకుల్' అని అరిచాను. ఆయన తల ఎత్తి నావైపు చూశాడు గాని కదల్లేదు. రాళ్ళు ఆయన ఉన్న వైపే వచ్చాయి. అంబులెన్సు వచ్చేసరికి ఊపిరి ఉంది. ఆసుపత్రి చేరేసరికి లేదు.

కాకాయం తప్పించాను అన్నయ్యా. మనిషిని తప్పించలేకపోయాను.

పనిచోట ప్రమాదాలు విచారించే సర్కారు సేఫ్టీ వాళ్ళు వచ్చి అన్నీ కొలిచారు, ఫోటోలు తీశారు. దిమ్మల మధ్య జాగా ఎంత, సెంట్రింగ్ ఎంత, తేడా ఎంత. నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే అడిగారు. ఫ్రేము దిమ్మల మధ్య సరిగ్గా పట్టిందా అన్నారు. లేదు, ఒకటిన్నర అంగుళం తక్కువ పడింది అన్నాను. అప్పుడు అంకుల్ ఏమన్నారు అన్నారు. తన కొలతే తప్పిందన్నారని చెప్పాను. ఒక్కటి కూడా అబద్ధం కాదు చూడు. నేల మీది గీతల సంగతి వాళ్ళకి అర్థం కాలేదు. పైపైన చూసి వదిలేశారు. నేను వివరించలేదు. రిపోర్టు ఇంకా రాలేదుగాని, వడ్రంగి తప్పేనని అందరూ అనుకుంటున్నారు. ఇక్కడి మనవాళ్ళ గుడిలో కూడా అదే మాట. పెద్దవయసులో అలాంటి పని ఎందుకు పెట్టుకోవాలీ అంటున్నారు.

కిందటి వారం శనివారం సరోజ్ ఆంటీని చూడ్డానికి వెళ్ళాను. అంకుల్ భార్య. ఆవిడ టీ పెట్టి, బిస్కెట్లు పళ్ళెంలో సర్ది నా ముందు పెట్టింది. తర్వాత అడిగింది.

"మా కొడుకు కూడా డాడీ మిస్టేక్ చేసినాడు అంటాడు. పెళ్ళయి నలభై మూడేళ్ళు బాబూ. ఫిజీలో ఇల్లు కట్టినాడు, ఇక్కడ ఎన్ని ఇళ్ళకి చెక్కపని చేసినాడు. ఒక్క తలుపు తిరిగి రాలేదు. నువ్వు పక్కన ఉన్నావు. నిజంగా ఆయనదే తప్పా?"

నేను టీ తాగాను. అంతకన్నా ఏమీ చేయలేదు. నీ తమ్ముడు అక్కడ కూర్చుని టీ అంతా తాగేసి, కప్పు కింద పెట్టాడు. నా మౌనానికి అర్థం అవునని తీసుకుందో ఏమో, ఆవిడ తలూపి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు పదడుగుల కర్ర తెచ్చింది. పోలీసులు షెడ్డులోని ఆయన సామానంతా ఇంటికి పంపారట, దాంతో పాటు అదీ వచ్చింది. "నీకిచ్చేస్తాను. ఆయన నీ గురించి చెప్పేవాడు, మన వాడు, బుర్ర మంచిదని. పనికొస్తుంది" అంది. కారులో పట్టదు. కిటికీ దించి, ఒక కొస బయటికి పెట్టి, ఎర్రగుడ్డ కట్టి ఇంటికి తెచ్చాను. దారి పొడవునా అది అద్దానికి తగిలి టకటకమంటూనే ఉంది.

ఇంటికొచ్చి సుజాతకి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "చెబితే ఆయన తిరిగొస్తాడా? ఇక్కడ ఉండిపోవడానికి పీఆర్ ఇంకా రాలేదు. కేసవుతుందేమో. పాప బడి ఏం కావాలి?" అంది. తప్పు పట్టకు, నేనూ మూడు వారాలుగా అదే అనుకుంటున్నాను. ఆ మాట తను పైకి అనేసరికి వినడానికి చాలా అసహ్యంగా ఉంది.

శుక్రవారం మార్గరెట్ గారు ఫోన్ చేసింది. ఆవిడ మనిషి సగమైపోయింది. జాగా వాడుకోవచ్చని సేఫ్టీ వాళ్ళు చెప్పారట. "ఆ గీతల మీద నడవలేకపోతున్నాను సూరీ. సోమవారం గ్రైండర్ తెచ్చి నేలంతా నున్నగా చేసెయ్యి" అంది. సరేనన్నాను. నేల మీది గీత ఒక కర్ర. బయట దిమ్మల మధ్య ఒక కర్రా, ఒకటిన్నర అంగుళమూ. అంకుల్ సెంట్రింగ్ ఆ గీతకి ఒక వెంట్రుక కూడా తేడా లేదు. కర్ర నా ఇంటికి వచ్చేశాక, ఆ సంగతి చెప్పే సాక్ష్యం అక్కడ ఆ గీత ఒక్కటే ఉంది. దాన్ని నా చేత్తోనే చెరిపెయ్యమంటోంది. గంట పని. ఆ తర్వాత తప్పు ఎవరిదో ఎవరూ తేల్చలేరు.

ఇంకొకటి చెప్పాలి, ఇది నన్ను తినేస్తోంది. మొదట్లోనే మార్గరెట్ గారు ఒక మాట అంది. రోమ్ వాళ్ళు కూడా శకునం చూసేవాళ్ళట. పక్షులు ఎటు ఎగిరాయో చూసి, దేవుళ్ళని అడిగి, అంతా బాగుందనుకుంటేనే గీత గీసేవాళ్ళట. గీశాక మాత్రం ఎవరూ కదపకూడదు. ఆరోజు నేను లోపలికి వెళ్ళి, 'అమ్మా, మాకు ఆయం అని ఒకటుంది, ఒకటిన్నర అంగుళం పెంచుదామా' అని అడిగి ఉంటే ఆవిడ ఎగిరి గంతేసేది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నా చేత లెక్కంతా చెప్పించుకుని, గీత మళ్ళీ గీసేది. అంకుల్ సెంట్రింగ్ దానికే కొట్టేవాడు. అడిగితే చాలు. అంతే కావలసింది.

నువ్వు నేర్పినందుకే ఇలా అయిందని అనుకోవద్దు. రెండు రోజులు నేను అలాగే అనుకున్నాను, నిన్ను తిట్టుకున్నాను కూడా, క్షమించు. ఆయం చూడొద్దని నేను అనను. చూసుకో. కాని గీయక ముందే చూడు, చూశాక సెంట్రింగ్ వాళ్ళకీ రాడ్డు కట్టేవాళ్ళకీ అందరికీ చెప్పు. ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఆ మూడంతస్తుల పనిలో ఎక్కడైనా చెప్పకుండా జరిపి ఉంటే, ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళి రేపే చెప్పు. నా కోసం ఇదొక్కటి చెయ్యి.

నాన్న గోడ తూకం చూసే ఇత్తడి గుండు పంపమని అడిగాను గదా. ఇప్పుడు పంపకు. నీ దగ్గరే ఉండనీ. మళ్ళీ అడగగలిగిన రోజున అడుగుతాను.

వదినకి నమస్కారం చెప్పు. పెద్దమ్మ కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు, ఈ సంగతి మాత్రం ఆవిడకి చదివి వినిపించకు. పిల్లలకి ముద్దులు. నా మీద కోపం వస్తే రానీ, కాని దీవించడం మానకు. నాకు భయంగా ఉంది. ఏం చేస్తారో, ఎక్కడికి పంపుతారో తెలియదు. ఇక్కడి నించి కొన్నాళ్ళు ఫోన్ రాకపోయినా కంగారు పడకు, సుజాత చెబుతుంది. ఇందాక తను వచ్చి, రేపు ఆఫీసుకి సెలవు పెట్టాననీ, కర్ర కిటికీలోంచి బయటికి ఉంటుంది కాబట్టి తనే నెమ్మదిగా నడుపుతాననీ చెప్పి వెళ్ళింది.

గ్రైండర్ తీసుకెళ్ళడం లేదు. ముందు నేల మీద, తర్వాత బయట దిమ్మల మధ్య, అంకుల్ కర్ర పెట్టి కొలుస్తాం. ఒక కొస నేను పట్టుకుంటాను. రెండో కొస మార్గరెట్ గారిని పట్టుకోమంటాను. దిమ్మల దగ్గర కర్ర అందకుండా ఆగిపోయిన చోట ఆవిడే వేలు పెట్టి చూసుకుంటుంది. సేఫ్టీ వాళ్ళకి ఫోన్ ఆవిడ ఎదుటే చేస్తాను. అక్కణ్ణించి సరోజ్ ఆంటీ ఇంటికి వెళ్తాను. ఆవిడ అడిగిన దానికి నేనింకా జవాబు చెప్పలేదు.

నీ తమ్ముడు
సూరిబాబు